ఒకటీ నలభై ఉదయగిరి బస్సు

ఫోను పసుపు బస్తాలో పడిన రోజునే కోటిలింగానికి బీపీ ఉందన్న సంగతి బయటపడింది.

పడిందని అనడం మర్యాదకోసం. నిజానికి ఆయనే విసిరాడు. ఆత్మకూరు బజారులో ముప్పై ఏళ్లుగా కిరాణా హోల్‌సేలు అంగడి నడుపుతున్న మనిషి ఆయన. ఆ రోజు మధ్యాహ్నంలోపల నలభై ఫోన్లు మాట్లాడాడు. లారీ రాలేదని ఒకరు, వచ్చిన బస్తాల్లో రెండు తడిశాయని ఒకరు, పెళ్లికి తీసుకుపోయిన జీడిపప్పు మరీ సన్నగా ఉందని ఇంకొకరు. నలభై ఒకటో ఫోను ఎవరో బీమా అమ్మాయిది. రెండు నిమిషాలు మాట్లాడవచ్చా సార్ అని ఎంతో నెమ్మదిగా అడిగిందట. ఆ నెమ్మదితనమే ఆయనకు గిట్టలేదు. ఫోను గాల్లోకి లేచి, కాటా మీదుగా పోయి, మూతి విప్పిన పసుపు బస్తాలో దిగబడింది. దిగబడ్డాక కూడా లోపలినుంచి సన్నగా మోగుతూనే ఉంది. గుమాస్తా వెంకటరమణ మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీసేసరికి, యజమాని బల్లమీద తల వాల్చి కళ్లు మూసుకుని ఉన్నాడు.

డాక్టరు చూస్తే పైన నూట ఎనభై, కింద నూట పది.

ఆ డాక్టరు చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. రోజుకొక మాత్ర రాశాడు. మాత్ర సగం పనే చేస్తుందనీ, మిగిలిన సగం మనిషే చెయ్యాలనీ చెప్పి నాలుగు అలవాట్లు నేర్చుకోమన్నాడు. పొద్దున అరగంట నడక. అన్నం తినేటప్పుడు ఫోను దూరంగా పెట్టడం. కోపం వస్తే నిదానంగా పదిసార్లు ఊపిరి పీల్చి వదలడం. నాలుగోది చెప్పేముందు కాస్త ఆగి, రోజూ కొంతసేపు ఎవరికీ పనికిరాని పని ఏదైనా చెయ్యమన్నాడు.

"ఎవురికీ పనికిరాని పని నేనెందుకు చెయ్యాల?" అన్నాడు కోటిలింగం.

"ఆ ప్రశ్నే మీ జబ్బు," అన్నాడు డాక్టరు.

పక్కనే కూర్చుని ఉన్న ఆయన భార్య ఉషారాణి అన్నిటికీ తల ఊపింది. ఇంటికి వచ్చాక లెక్కేసుకుంటే, ఆయన అలవాట్లు నాలుగైతే వాటివల్ల ఆమెకు వచ్చిపడ్డ పనులు తొమ్మిది తేలాయి. అయిదింటికి లేపాలి. బూట్ల జత వెతికిపెట్టాలి. ఉప్పు తక్కువ కూర ఒకటి, అత్తగారు దేవకమ్మకు కారం తక్కువ కూర ఒకటి, విడివిడిగా వండాలి. మాత్ర వేసుకున్నాడో లేదో మూడుసార్లు అడగాలి. మూడోసారి అడిగినప్పుడు ఆయనకు కోపం వస్తే ఊపిరి లెక్కపెట్టాలి.

నడక మూడు రోజులు సాగింది. కాలేజీ మైదానంలో నడుస్తుంటే ఆత్మకూరు సగం అక్కడే నడుస్తున్నదని ఆయనకు తెలిసివచ్చింది. ఆ సగంలో సగం ఆయన గిరాకీలే. ఒకాయన కందిపప్పు గురించి అడుగుతూ రెండు చుట్లు వెంట నడిచాడు. ఇంకొకాయన నిలబెట్టి నూనె డబ్బా లీకైన కథ మొదటినుంచి చెప్పాడు. అరగంట నడకకు పోయినవాడు గంటన్నరకు, పోయినప్పటికంటే ఎర్రబడిన మొహంతో ఇంటికి వచ్చాడు.

ఊపిరి సంగతి ఇంకా అన్యాయం. అంగట్లో ఒక గిరాకీతో మాట పెరిగితే, డాక్టరు చెప్పింది గుర్తొచ్చి, ఆయన కళ్లు మూసుకుని లోపలికి లాగడం మొదలుపెట్టాడు. నాలుగో ఊపిరికి ఆ అనంతసాగరం రైతు హడలిపోయి మొహాన చెంబెడు నీళ్లు కొట్టాడు. అయిదో ఊపిరికి ఆటో పిలిచాడు. ఆరో ఊపిరికి కోటిలింగం మాట్లాడిన మాటలు బజారు చివరిదాకా వినిపించాయి.

భోజనాల దగ్గర ఫోను పట్టుకునే పని దేవకమ్మ తీసుకుంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, తీరిక చాలా ఉంది. మోగిన ప్రతిసారీ ఎత్తి, మావాడు అన్నం తింటాండాడు, వంకాయ కూర, డాక్టరు ఉప్పు వెయ్యొద్దన్నాడని చెప్పి, అవతలివాళ్ల ఇంట్లో ఏం వండారో అడిగేది. వారం తిరక్కముందే కోటిలింగం శెట్టి చప్పిడి తిండి తింటున్నాడన్న కబురు వింజమూరు దాకా పాకింది.

ఇక నాలుగోది, పనికిరాని పని. అది ఆయన వల్ల కాలేదు. పుట్టి బుద్ధెరిగాక అటువంటి పని ఆయన చేసి ఎరగడు. ఒక ఆదివారం మిద్దెమీద ఊరికే కూర్చోవడానికి ప్రయత్నించి, పావుగంటలో నీళ్ల ట్యాంకు మూత సరిగా లేదని కనిపెట్టి కిందికి దిగి వచ్చాడు.

ఇదంతా ఇట్లాగే సాగుతుందని ఉషారాణి అనుకుంటున్న రోజుల్లో ఆయన మారిపోయాడు.

ముందుగా ఆమె గమనించింది గొంతు. గడ్డం గీసుకుంటూ ఏదో రాగం తీస్తున్నాడు. తరువాత, పాలు పొంగి పొయ్యిమీద పోయినా ఏమీ అనలేదు. ఒకనాడు దేవకమ్మ ఆయన కళ్లజోడు మీద కూర్చుంటే, పోనీలేమ్మా, పాతదేగదా అన్నాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆ రాత్రి భోజనంలో చప్పిడి బీరకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ, "కూర బాగుండాది ఉషా," అన్నాడు.

పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ మాట ఆయన నోట అదే మొదలు. ఉషారాణికి అనుమానం పుట్టింది అప్పుడే.

పుట్టిన అనుమానానికి మేత కావాలి గదా, దొరికింది. సోమ, బుధ, శుక్రవారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకే భోంచేసి బయటికి పోతున్నాడు, దీపాలు పెట్టే వేళకు వస్తున్నాడు. అంగట్లో ఉండడం లేదు. ఆ మూడు రోజులూ మధ్యాహ్నంపూట తనే చూసుకుంటున్నానని వెంకటరమణ చెప్పాడు; ఎక్కడికి పోతున్నాడో మాత్రం తెలియదన్నాడు. ఆయననే అడిగితే పనుండాదన్నాడు. ఏం పని అంటే, చెప్పేంత పని కాదులే అన్నాడు. చెప్పి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు అసలు నచ్చలేదు.

శుక్రవారం విడిచిన నీలం చొక్కా నానబెట్టబోతూ జేబు తడిమితే ఆరు బస్సు టికెట్లు దొరికాయి. మూడు పోవడానికి, మూడు రావడానికి. అన్నిటిమీదా ఆత్మకూరు, ఉదయగిరి. చొక్కా దులిపితే భుజంమీదినుంచి సన్నటి తెల్లని పొడి రాలింది. వేలికి అంటించుకుని వాసన చూసింది. తియ్యటి వాసన. పౌడరు.

ఉషారాణి చొక్కా పట్టుకుని పెరట్లో రాతిమీద చాలాసేపు కూర్చుంది. ఉదయగిరిలో వాళ్లకు చుట్టాలు లేరు. అంగడికి సరుకు అక్కడినుంచి రాదు. నెల్లూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఇందుకు ఫోను చేసి, మాటల మధ్యలో, మీ నాయన ఈమధ్య కూర బాగుందంటున్నాడని చెప్పింది. మంచిదేగదమ్మా అంది ఇందు. మంచిదెట్లా అవుతుందో ఈ పిల్లకు పెళ్లయ్యాక గాని తెలియదనుకుని ఉషారాణి ఫోను పెట్టేసింది.

సోమవారం ఆయన గడప దాటిన అయిదు నిమిషాలకు ఆమె కూడా దాటింది. టైలరు దగ్గరికి పోయి వస్తానని అత్తగారికి చెప్పింది. కూతురు వదిలిపెట్టిపోయిన నల్లద్దాలు, మూతికి మాస్కు, తలమీద కొంగు. ఆడవాళ్లకు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు డబ్బులు లేకుండా పోయాక ఆత్మకూరు బస్టాండు ఎప్పుడూ తిరునాళ్లలాగే ఉంటున్నది. ఆ గుంపులో ఎవరూ ఆమెను పట్టించుకోలేదు. కోటిలింగం ఒకటీ నలభై ఉదయగిరి బస్సు ఎక్కి డ్రైవరు వెనక రెండో వరసలో కూర్చున్నాడు. ఆమె చివరి తలుపు గుండా ఎక్కి వెనక సీట్లో కిటికీ పక్కన ఒదిగి కూర్చుంది.

కండక్టరు వచ్చి యాడికమ్మా అన్నాడు. ఆమె గుసగుసగా చెప్పింది. ఆయనకు వినపడక, ఉదయగిరా అని బస్సంతటికీ వినపడేట్టు అడిగి, ఆధార్ కార్డు చూసి, ఫోటోలో మనిషి మీరో కాదో తెలియాల గదా, ఆ మాస్కు కొంచెం దించండన్నాడు. ఆమె దించింది. ముందు వరసలో తల వెనక్కి తిరగలేదు. సున్నా టికెట్టు చేతిలో పడింది.

బస్సు కదిలింది. ఊరు దాటగానే కిటికీలోనుంచి గాలి కొట్టింది. ఉషారాణి ఆ గాలికి కొంగు సర్దుకుంటూ ఒక్క విషయం గ్రహించింది. ఇప్పుడు తనను ఎవరూ ఏమీ అడగలేరు. గ్యాసు అయిపోయిందని చెప్పేవాళ్లు లేరు. నా మాత్ర యాడ, నా తువ్వాలు యాడ అనేవాళ్లు లేరు. కుక్కరు ఎన్ని కూతలు కూసిందో లెక్కపెట్టనక్కర లేదు. ఉదయగిరి వచ్చేదాకా చెయ్యవలసిన పని ఒక్కటే, కూర్చోవడం. ముందు వరసలోని బట్టతల మీద కన్ను పెట్టి ఉంచాలని గట్టిగా అనుకుంది. అనుకున్నంతవరకే ఆమెకు గుర్తుంది.

"అమ్మా, లెయ్యండి. ఉదయగిరి వచ్చి చానాసేపయింది."

కండక్టరు నిలబడి ఉన్నాడు. బస్సు ఖాళీ. ముందు వరస ఖాళీ. నల్లద్దాలు ఒళ్లో పడి ఉన్నాయి, మాస్కు గడ్డం కిందికి జారింది. ఆమె నోరు తెరుచుకుని నిద్రపోతుంటే కోటిలింగం ముందు తలుపునుంచి దిగి తన దారిన తను పోయాడు.

చెయ్యగలిగింది ఏమీ లేదు. అదే బస్సు పదిహేను నిమిషాల్లో వెనక్కి పోతుందంటే అందులోనే కూర్చుంది. తిరుగుదారిలో మెలకువగానే ఉంది. నిమ్మతోటలు, బీడుభూములు, రోడ్డుకు అడ్డంపడి తీరిగ్గా దాటే మేకలు, చూస్తూ కూర్చుంది. కోపం తెచ్చుకోవాలని రెండుసార్లు ప్రయత్నించింది గాని కోపం ఒంటికి పట్టలేదు. ఇల్లు చేరేసరికి అయిదు దాటింది. జాకెట్టు ఏమయిందని దేవకమ్మ అడిగితే టైలరు లేడంది. ఆ సాయంత్రం పెసలు ఏరుతూ తనూ ఏదో రాగం తీస్తున్నానని తెలుసుకుని ఆమె గబుక్కున నోరు మూసుకుంది.

బుధవారం జాగ్రత్తపడింది. బయలుదేరేముందు చిక్కటి కాఫీ తాగింది. వెనక సీటు మంచిది కాదని బస్సు మధ్యలో కూర్చుంది. పక్కసీట్లో కూరగాయల సంచితో ఒక ముసలమ్మ. ఈసారి ఊరు దాటి రెండు మలుపులు గుర్తున్నాయి. లేచేసరికి ఆ ముసలమ్మ భుజంమీద తన తల, ఎదురుగా ఉదయగిరి కొండ. ముసలమ్మ దిగవలసిన ఊరు ఎప్పుడో వెనకపడిపోయింది. అంత నిద్ర పోతాంటే లేపేదానికి మనసు రాలేదనీ, ఇదే బస్సులో వెనక్కి పోతాననీ, తనకూ టికెట్టు ఖర్చు లేదు గదా అనీ చెప్పిందామె. ఉషారాణి సిగ్గుతో చచ్చిపోయింది. వచ్చేటప్పుడు ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ముసలమ్మ సంచిలోని దోసకాయ ఒకటి చెరిసగం తిన్నారు.

ఆ రాత్రి ఆమె తనతో తను నిజం ఒప్పుకుంది. శుక్రవారం ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తున్నది, మొగుణ్ణి పట్టుకోవడానికి కాదు.

కాని ఎన్నాళ్లని. శుక్రవారం కిటికీ సీటు ఖాళీగా కనిపించినా కూర్చోలేదు. వెనక తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని గంటన్నర నిలబడే ఉంది. ఈరోజు నిద్ర రాలేదా అమ్మా అని కండక్టరు అందరి ముందూ పలకరించాడు. పలికితే ముందు కూర్చున్న మొగుడు గొంతు గుర్తుపడతాడని ఆమె తల మాత్రం ఊపింది.

ఉదయగిరిలో కోటిలింగం దిగి, దారి బాగా తెలిసినవాడిలా నడిచాడు. చేతిలో ఒక పొట్లం. ఆమె ఇరవై అడుగుల వెనక. రెండు సందులు తిరిగి, నీలం రంగు తలుపున్న ఒక ఇంటి ముందు చెప్పులు విడిచి, తలుపు తట్టకుండానే లోపలికి పోయాడు.

తట్టకుండానే. ఉషారాణి ఆ విడిచిన చెప్పుల దాకా పోయింది. ఏమనాలో బస్సులో వరసగా అనుకున్న మాటలన్నీ కలగాపులగమై, చివరికి ఒక్కటీ మిగల్లేదు. లోపలినుంచి ఆడవాళ్ల నవ్వులు వినిపించాయి. ఒకామె కాదు, చాలామంది. ఆమె కొంగు బిగించి తలుపు తోసింది.

లోపల పొడుగాటి వసారా. దానినిండా చెక్కలు. గరిటెలు, చెంచాలు, దువ్వెనలు, సగం చెక్కినవి, పూర్తిగా చెక్కినవి, కుప్పలు కుప్పలు. చాపలమీద అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని ఆకురాయితో, ఉప్పు కాగితంతో చెక్కలు రుద్దుతున్నారు. అందరిలోకీ చిన్నామెకు యాభై దాటి ఉంటాయి. వాళ్ల మధ్య, కాళ్లు బారజాపుకుని, కళ్లజోడు ముక్కు కొసకు జారి, నాలుక చివర పళ్లమధ్య పెట్టుకుని కోటిలింగం ఒక గరిటెను రుద్దుతున్నాడు. సన్నటి తెల్లపొడి ఆయన చొక్కామీద రాలుతున్నది. ఆ పొడి అక్కడ అందరిమీదా ఉంది. పెద్దామె కనుబొమల మీద కూడా ఉంది.

ఆయన మొహం చూసి ఉషారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. పలకమీద మొదటిసారి అక్షరం దిద్దే పిల్లవాడి మొహం అది. తెచ్చుకున్న కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక ఆమె అట్లాగే నిలబడింది.

కోటిలింగం తలెత్తి చూశాడు. ఆశ్చర్యపోవలసిందిపోయి, ఇంట్లో పలకరించినట్టే, "ఆ చెప్పులు బయటిడిచి రా ఉషా, పొట్టు అంటుకుంటాది," అన్నాడు. అన్నాక గాని ఆమె అక్కడ ఉండకూడదన్న సంగతి ఆయనకు తట్టలేదు. చేతిలోని గరిటె కిందపడింది.

పెద్దామె పేరు మస్తాన్‌బీ. ఆ పని ఆ ఇంట్లో నాలుగు తరాలుగా ఉంది. ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసి విషయం పసిగట్టింది.

"శెట్టి నీ మొగుడేనా తల్లీ? అట్లయితే తీసకపో. మూడు వారాల నుంచి వస్తాండాడు. రెండు గరిటెలు చేసినాడు. ఒకదాంట్లో పప్పు నిలబడదు, ఇంకోటి నోట్లో పట్టదు."

తక్కిన నలుగురూ నవ్వారు. కోటిలింగం కూడా నవ్వాడు. పనికి కూలి ఇస్తారా అని ఉషారాణి అడిగితే, పాడుచేసిన చెక్కకు మేమే అడగాల, మురుకులు తెస్తాడని ఊరుకున్నామంది మస్తాన్‌బీ.

తరువాత సంగతంతా ఆయనే చెప్పాడు. ఒక మధ్యాహ్నం బజారులో ఇద్దరు గిరాకీలు చెరొక చెయ్యి పట్టుకుని చెరొక వైపు లాగుతూ ఉంటే, వదిలించుకుని బస్టాండులోకి నడిచి, కదులుతున్న బస్సు ఏదో చూడకుండా ఎక్కేశాడు. ఫోను ఆపేశాడు. దిగితే ఉదయగిరి. మంచినీళ్లకోసం ఈ సందులోకి వచ్చాడు. మస్తాన్‌బీ నీళ్లిచ్చి కూర్చోమంది. చేతులు ఊరికే ఉండలేక పక్కనున్న గరిటె తీసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. తలెత్తేసరికి గంట దాటిపోయింది. ఆ గంటలో ఆయన కందిపప్పు గురించి ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇక్కడ ఆయనను ఎవరూ సలహా అడగరు, ఆయన చెప్పినా వినరు. ఇంట్లో చెబితే నవ్వుతారని, బజారులో తెలిస్తే శెట్టికి మతి చెడిందంటారని ఎవరికీ చెప్పలేదు.

"అది సరే. నువ్వెట్లా వచ్చినావు?" అన్నాడు చివరికి.

ఉషారాణి చెప్పక తప్పలేదు. ఈరోజే కాదు, సోమవారమూ వచ్చాననీ, బుధవారమూ వచ్చాననీ చెప్పింది. రెండుసార్లూ ఏమయిందో కూడా చెప్పింది. మస్తాన్‌బీ పొట్ట పట్టుకుని నవ్వింది. కోటిలింగం కళ్లజోడు తీసి, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతినిండా చెక్కపొడి ఉండడంతో కళ్లు మండి ఇంకా నీళ్లు కారాయి. పౌడరు సంగతి మాత్రం ఉషారాణి ఆ రోజుకు దాచుకుంది.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. కిటికీ వైపు ఆయన ఆమెను కూర్చోమన్నాడు. ఊరు దాటాక, నవ్వు చల్లారాక, నిదానంగా అడిగాడు.

"ఇంట్లో మధ్యాహ్నం పండుకోవా నువ్వు?"

"ఎప్పుడు పండుకోవాల? మీరు భోంచేసి పొయ్యేసరికి రెండవుతాది. అత్తకు మూడింటికి మాత్ర, నాలుగింటికి టీ. మధ్యలో అంగడి ఫోన్లు ఇంటికొస్తాయి."

"మరి నాకెన్నడూ చెప్పలేదే."

ఆమె కిటికీ చట్రంమీద మోచెయ్యి ఆనించింది.

"మీకు నూట ఎనభై అని ఒక నంబరుండాది. ఆ నంబరు చూసి ఇల్లంతా కదిలింది. నాకు నంబరు లేదు. అందుకని నాకు కూడా తెలియలా, ఈ బస్సు ఎక్కిందాకా."

కోటిలింగం పదిసార్లు ఊపిరి పీల్చి వదిలాడేమోనని ఆమెకు అనిపించింది. ఈసారి కోపంతో మాత్రం కాదు. ఆత్మకూరు పొలిమేర దగ్గర, మంగళ, గురువారాలు మధ్యాహ్నం నేనింట్లో ఉంటాను, నువ్వు నీకు తోచినచోటికి పో అన్నాడు.

మొదటి మంగళవారం ఆమె నిజంగానే టైలరు దగ్గరికి పోయి, అక్కడినుంచి పార్కులో బెంచీమీద గంటసేపు కూర్చుని వచ్చింది. వచ్చేసరికి కోటిలింగం వంటింట్లో నిలబడి ఉన్నాడు. దేవకమ్మ ఆ మూడు గంటల్లో ఆయనను పదిహేడుసార్లు పిలిచిందట. టీలో చక్కెర ఎక్కువైందని ఒకసారి, ఫ్యాను వేగమైందని ఒకసారి, ఫ్యాను నెమ్మదించిందని ఒకసారి, తిన్నావా నాయనా అని అయిదుసార్లు. మధ్యలో గ్యాసు అబ్బాయి, కరెంటు మీటరు మనిషి, పక్కింటివాళ్ల కొరియరు. గోడమీది క్యాలెండరులో ఆయన ఒక్కొక్కటీ గీతలు గీసి పెట్టాడు. భార్యకు చూపించి, ఇది రోజూ ఉంటాదా అని అడిగాడు. ఆదివారాలు ఇంకా ఎక్కువని చెప్పిందామె.

ఆ వారంనుంచి అంగడి ఫోన్లు ఇంటికి రావడం ఆగింది. చప్పిడి కూర ఇంటిల్లిపాదీ తినడం మొదలుపెట్టారు; పొయ్యిమీద ఒక గిన్నె తగ్గింది. నడక ఆయన మానలేదు, కాలేజీ మైదానం మాత్రం మానేశాడు. తెల్లవారకముందే భార్యాభర్తలిద్దరూ ఇంటి వెనక కాలవగట్టున అరగంట నడిచివస్తున్నారు. ఎవరైనా ఎదురొచ్చి పప్పు సంగతి ఎత్తితే, అంగడి తొమ్మిదింటికని ఉషారాణే చెబుతుంది. ఉదయగిరికి ఇప్పుడు వారానికొకసారే పోతున్నాడు. మిగిలిన రోజుల్లో ఉప్పు కాగితం ముక్క, చెక్క ముక్క అంగడి బల్ల కిందనే ఉంటాయి. గిరాకీ గొంతు పెంచితే బల్ల కింద చేతులు ఆడతాయి. శెట్టి కింద ఏం చేస్తున్నాడోనని వంగి చూసేవాళ్లు చూస్తున్నారు, అడిగేవాళ్లు అడుగుతున్నారు, ఆయన చెప్పడు.

ఆ తరువాత అయిదో వారం డాక్టరు చూస్తే పైన నూట ముప్పై ఆరు. నాలుగు అలవాట్లలో ఏది పనిచేసిందని డాక్టరు అడిగాడు. కోటిలింగం భార్యవైపు చూశాడు. ఆమెకు కూడా ఒకసారి ఆ బీపీ పట్టీ కట్టి చూడండన్నాడు. డాక్టరు కట్టాడు. నూట నలభై రెండు వచ్చింది.

"నాకూ నంబరొచ్చింది," అంది ఉషారాణి. భయపడవలసిన మాటే గాని ఆమెకు ఎందుకో నవ్వొచ్చింది. మాత్ర ఇప్పుడే అక్కర్లేదనీ, చేస్తున్నవి వదలకుండా చేస్తే మూడు నెలల తరువాత చూద్దామనీ డాక్టరు చెప్పాడు.

ఇంట్లో ఈ రాకపోకలన్నీ చూస్తూ కూర్చున్న దేవకమ్మకు ఒక గురువారం ఓపిక నశించింది. ఉషారాణి చెప్పులు వేసుకుంటుంటే, ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"నాకూ టికెట్టు లేదంట గదా. ఊరంతా తిరగతాండారు, నేనేం పాపం చేసినాను?"

ఎక్కడికి పోదామంటే ఎక్కడికైనా సరేనంది. బస్టాండులో సోమశిల బస్సు ఉంటే ఎక్కారు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆత్మకూరులో కాపురం చేస్తూ ఉషారాణి సోమశిల డ్యాము చూడలేదు. దేవకమ్మ చూసింది గాని, అది కడుతున్నప్పుడు. అప్పుడు అక్కడ ఇంకా రాళ్లూ, లారీలూ తప్ప ఏమీ లేవట. కిటికీ సీటు అత్తగారు పట్టేసింది. అనంతసాగరం దాటేదాకా కనిపించిన ప్రతి ఇంటినీ, ప్రతి గేదెనూ పైకి చెబుతూనే ఉంది.

దిగి, ఉషారాణి ఆమెను మెల్లగా చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ నీళ్లు కనిపించే చోటికి తీసుకుపోయి, నీడన ఒక సిమెంటు అరుగుమీద కూర్చోబెట్టింది. పెన్న నిండుగా నిలబడి ఉంది. దూరంగా రెండు తెప్పలమీద చేపలు పట్టేవాళ్లు వలలు సర్దుకుంటున్నారు. దేవకమ్మ ఏమీ మాట్లాడకుండా చూసింది. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం కోడలు ఎన్నడూ ఎరగదు. ఒంట్లో ఎట్లుండాది అత్తా అని అడిగితే, చెయ్యి ఊపి ఊరుకోమంది.

నాలుగున్నరకు బస్సు వచ్చి నిలబడి హారను కొట్టింది. ఉషారాణి లేచి చెయ్యి అందించింది. దేవకమ్మ ఆ చెయ్యి పట్టుకుని, లేవకుండా, ఆమెనే కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంకో బస్సు ఉంటాదిలే మే," అంది. "కూర్చో."